కొలత ఇవ్వని దర్జీ

దుకాణంలో ఉండేవి ఇవి: కాలితో తొక్కే కుట్టుమిషన్లు రెండు, వాటిలో నడిచేది ఒకటి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటి, కింది మూల పగిలిన నిలువుటద్దం ఒకటి, గజం కట్టె ఒకటి, పొడవాటి బల్ల ఒకటి, కొలతల పుస్తకాలు నాలుగు, మంచినీళ్ళ కుండ. ఉండే మనుషులు: ఆయన, గుండీ ఊడిందని వచ్చి కూర్చుండిపోయేవాళ్ళు ఇద్దరో ముగ్గురో, సాయంత్రం ఆరు దాటితే నేను.

మొన్న నల్లగొండలో నా పాత ప్యాంటు నడుము దగ్గర బిగుతైతే, దగ్గర్లోని టైలరుకు ఇచ్చాను. అతను దాన్ని తిరగేసి, వెనక కుట్టు విప్పి ఆగిపోయాడు.

“ఏంది సార్ గిది? గింత గుడ్డ లోపల్నే ఇడిచిండు. గీ కాలంల ఎవరిడుస్తరు? ఎవరు కుట్టిన్రు?”

“మక్తల్‌లో ఒక పెద్దమనిషి.”

“గుడ్డ మిగుల్చుకోవాలని లేదా ఆయనకు?”

లేదు. రెండున్నర అంగుళాలు వదిలేవాడు, ఎవరి ప్యాంటుకైనా. “లోపల జర జాగా ఇడువాలె. అల్లా ఎవర్ని ఎప్పుడు ఎంత పెంచుతడో మనకు తెలుసా?” అనేవాడు. నిరుడు వానాకాలంలో ఆయన పోయాడని మక్తల్ నుంచి కార్డు వచ్చింది. డెబ్బై దాటాయి. ముందురోజు సాయంత్రం దాకా మిషను తొక్కాడట.

ఆయన పేరు నేను రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు కూడా. కొందరు ‘దర్జీసాబ్’ అనేవారు, కొందరు ‘ఖలీఫా’ అనేవారు. నేను ‘చాచా’ అనేవాణ్ణి.

నేను కట్టంగూర్‌వాణ్ణి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి, తొంభైల నడుమ మూడేళ్ళకు పైగా మక్తల్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో పనిచేశాను. రక్తం, మూత్రం, మలం, కఫం: ఈ నాలుగూ చూడడం నా పని. దర్జీ దుకాణం వెనక గది కిరాయికి తీసుకోవడం వల్ల సాయంత్రాలు ఆ దుకాణంలోనే గడిచేవి. నన్ను ఆయన మెచ్చుకున్నప్పుడు ‘బేటా’ అనేవాడు, మిగతా వేళల్లో ‘రగతం సార్’ అనేవాడు.

మనిషి చాలా సన్నం. గజం కట్టె పట్టుకుని నిలబడితే రెండు కట్టెలు నిలబడ్డట్టుండేది. బట్ట కోస్తూ కోస్తూ ఒక్కసారి ఆగేవాడు. కట్టె కొనను ఛాతీ ఎముక కింద ఆనించుకుని బల్ల మీదికి వంగి, ముప్పై లెక్కపెట్టేంతసేపు కదిలేవాడు కాదు. తర్వాత ఏమీ జరగనట్టు కత్తెర అందుకునేవాడు. నొప్పి ఎక్కువైతే ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మడత వేడిచేసి కమీజు మీదనే అద్దుకునేవాడు. అందుకే ఆయన కమీజులన్నిటికీ ఒకే చోట, పొట్ట పైభాగాన, గోధుమరంగు మచ్చ ఉండేది. జేబులో ఎప్పుడూ ఎండిన జొన్నరొట్టె ముక్కలు. రెండు ముక్కలు నమిలితే నొప్పి కాసేపు తగ్గేది. ఇరవై ఏళ్ళుగా ఇదే వైద్యమని చెప్పాడు.

తనకు కడుపునొప్పి కాబట్టి కొలతకు వచ్చిన ప్రతి మనిషినీ కడుపు గురించి అడిగేవాడు. నడుముకు టేపు చుట్టి, అంకె చూడకముందే, “కడుపెట్లున్నది?” అనేవాడు. “మంచిగనే ఉన్నది ఖలీఫా” అని ఎవరైనా అంటే, అప్పుడు అంకె చూసి, “నోటికి అబద్ధం వస్తది. నడుముకు రాదు” అనేవాడు.

కొలతల పుస్తకంలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస. పేరు ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు. తర్వాత పొడవు, ఛాతీ, పొట్ట, నడుము. మనిషి మళ్ళీ వస్తే పాత అంకె కొట్టేసేవాడు కాదు, దాని పక్కన కొత్తది రాసేవాడు. కొందరి వరుసల్లో పన్నెండేళ్ళ నడుములు ఉండేవి. మా దవాఖానలో అంత క్రమమైన రికార్డు ఒక్కటీ లేదు.

ఒకనాడు ఆ పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. కొన్ని పేర్ల పక్కన ఎర్ర దారంతో ఒక్కొక్క కుట్టు వేసి ఉంది. కలం గీత కాదు. కాగితానికి సూదితో వేసిన కుట్టు.

“గిదేంది చాచా?”

“మీ డాక్టర్ సాబు గోలీలు తిన్నోళ్ళు. పద్నాలుగు దినాలయి.”

ఆ గోలీల సంగతి చెప్పాలి. అప్పటికి ఏడాదిగా మా డాక్టరు కడుపులో పుండు ఉన్నవాళ్ళకు కొత్త మందు ఇస్తున్నాడు. పుండుకు కారణం కారమూ దిగులూ మాత్రమే కాదనీ, కడుపు గోడలో కాపురముండే ఒక వంకర బ్యాక్టీరియా అనీ, దాన్ని చంపితే చాలామందికి పుండు మళ్ళీ రాదనీ ఆయన చదువుకుని వచ్చాడు. అనుమానం ఉన్నవాళ్ళను రాయచూరు పంపి గొట్టం పరీక్ష చేయించేవాడు. కడుపులోంచి తీసిన చిటికెడు ముక్కను అక్కడ పసుపుపచ్చని మందులో వేస్తారు. బ్యాక్టీరియా ఉంటే అది గులాబీరంగుకు తిరుగుతుంది. అలా తిరిగినవాళ్ళకు మూడు రకాల గోలీలు, రోజుకు రెండు పూటలు, పద్నాలుగు రోజులు.

“పదకొండు మంది,” అన్నాడు చాచా. “అందరికి నడుము పెరిగింది. ఒకరికి గాదు, ఇద్దరికి గాదు. బస్ కండక్టర్ ఉన్నడు చూడు, ముప్పై ఉండె, ముప్పై రెండున్నర అయింది. గాయన ఖాకీ ప్యాంటు రెండుసార్లు ఇప్పి కుట్టిన.”

“నొప్పి పోయింది. మంచిగ తింటున్నరు. పెరగరా?”

“గదే అందరంటరు. నా మాట ఇను. పురుగు లోపలున్నప్పుడు మనిషి తినేది ఇద్దరికి. పురుగు సచ్చింది. ఇద్దరి తిండి ఒక్కనికి. బొర్ర రాకుంటె ఏమొస్తది?”

అంత చిన్న జీవి మనిషి రొట్టెలో సగం తినలేదని చెప్పాను.

“నువ్వు చూసినవా?”

“చదువుకునేటప్పుడు చూసిన. రంగు వేసిన స్లైడ్ మీద.”

“తింటుంటె చూసినవా?”

చూడలేదు. ఆయన పుస్తకం మూసి, గెలిచినవాడిలా కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చాడు.

ఆ ఎండాకాలంలో ఒక ఉదయం చాచా ల్యాబు కిటికీలో అగ్గిపెట్టె ఒకటి పెట్టి పక్కకు నిలబడ్డాడు. మా దగ్గరికి మలం నమూనాలు అగ్గిపెట్టెల్లోనే వచ్చేవి. తెరిచి చూస్తే తారులా నల్లగా ఉంది. పరీక్షలో రక్తం బయటపడింది. వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూశాను. ఏడు పాయింట్ ఎనిమిది. డాక్టరు రాయచూరు పంపాడు. పుండు పెద్దదే. ముక్క గులాబీరంగుకు తిరిగింది.

తిరిగొచ్చాక చాచాను డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. నేను రిపోర్టు పట్టుకుని పక్కన ఉన్నాను. చాచా చంకలో కొలతల పుస్తకం ఉంది.

“చాచా, పుండులకెల్లి రక్తం పోయింది. ఈసారి దానంతటదే ఆగింది. మళ్ళ మొదలైతే ఇక్కడ నేనేం చేయలేను. హైదరాబాద్ చేరేదాక మనిషి ఉంటడో ఉండడో. ఈ పద్నాలుగు రోజుల గోలీలు తినాలె.”

“గవి ఒద్దు సాబ్. వేరేవి ఇయ్యుండ్రి.”

“ఎందుకొద్దు?”

“దొడ్డుగైత.”

డాక్టరు తూకం చీటీ చూశాడు. నలభై నాలుగు కిలోలు. నవ్వు ఆపుకోలేకపోయాడు. “జర దొడ్డుగైతే మంచిదే కద చాచా!”

“మీకు మంచిది. దర్జీకి గాదు.”

అప్పుడు గద్వాలలో తనకు పని నేర్పిన ఉస్తాదు గురించి చెప్పాడు. ఆ చుట్టుపక్కల షేర్వాణీ కోయాలంటే ఆయనే కోయాలట. యాభై ఏళ్ళకు బొర్ర పెరిగింది. మిషను మీదికి వంగలేకపోయాడు. కాళ్ళు మడిచి కూర్చుంటే ఒళ్ళో పెట్టుకున్న బట్టలో గుండీ కాజా కనపడేది కాదు. “ఆఖరికి దిండు గలీబులు కుట్టిండు సాబ్. షేర్వాణీ కుట్టిన చెయ్యి. నేను చూసిన. పని లేకుంట బతికేదానికి గోలీలెందుకు?”

డాక్టరు ఈసారి నవ్వలేదు. నొప్పి పోతే మనిషి ఆకలితో తింటాడనీ, తింటే ఒళ్ళు వస్తుందనీ, కొంచెం అదుపులో ఉంటే చాలనీ నెమ్మదిగా చెప్పాడు. చాచా పుస్తకం తెరిచి కండక్టరు వరుస మీద వేలు పెట్టాడు.

“నాకు తింటేనే నొప్పి తగ్గుతది సాబ్. ఈయనకు గూడ గట్లనే ఉండె. నొప్పికి భయపడి మేం ఎప్పటికి తింటనే ఉన్నం. మరి ఈయన ఎందుకు పెరిగిండు?”

డాక్టరు వరుసలోని అంకెలు చూశాడు.

“ఇది నాకు తెల్వదు చాచా. ఆ పురుగు ఆకలిని ఏమన్న అణుస్తున్నదేమో. అది పోతే ఆకలి లేస్తుందేమో. కాకపోవచ్చు గూడ. నేను చదివినంతల ఎవరు తేల్చలేదు. పుండు సంగతి మాత్రం తేలింది. మీరు గోలీలు తినకుంటే ఏమైతదో నాకు తెలుసు.”

చాచా సలాం చేసి లేచాడు. గోలీల చీటీ బల్ల మీదే వదిలేశాడు.

ఆ సాయంత్రం దుకాణం వెనక ఆయన భార్య చాచీ గొంతు వీధి దాకా వినిపించింది. ఉర్దూలో తిట్టేది అంతా తిట్టి, నాకు అర్థం కావాలని మళ్ళీ తెలుగులో మొదలుపెట్టింది.

“దొడ్డుగైతడంట! సచ్చినంక సన్నగున్నవని ఎవరన్న ఇనాం ఇస్తరా? రగతం సార్, నువ్వన్న చెప్పు!”

నాకు మాటలతో ఒప్పించడం రాదు. గదిలో కూర్చుని జాబితా రాసుకున్నాను. పదకొండు మందికీ నడుము పెరగడానికి ఏమేం కారణాలు ఉండవచ్చు? వయసు. పంట చేతికొచ్చి మంచి తిండి దొరకడం. నొప్పి పోవడం. బ్యాక్టీరియా పోవడం. ఇవన్నీ రాశాక అయిదోది తట్టింది. అది మనుషుల్లో ఉన్న కారణం కాదు, పుస్తకంలో ఉన్నది. వెంటనే దుకాణంలోకి వెళ్ళాను. చాచా పెదాల మధ్య సూది పెట్టుకుని దారం తెంపుతున్నాడు.

“చాచా, ప్యాంటు బిగుతైతే మనిషి ఏం చేస్తడు?”

“ఎంబడే నా దగ్గరికొస్తడు.”

“బిగుతు కాకుంటే?”

“ఎందుకొస్తడు? ఎప్పుడన్న కొత్తది కుట్టిచ్చుకుంటె వస్తడు.”

“మరి గోలీలు తిన్నోళ్ళల్ల నీ పుస్తకానికెక్కింది ఎవరు?”

పెదాల మధ్య సూది తీసి చొక్కాకు గుచ్చుకున్నాడు. ఎర్ర దారం ఉన్న పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు.

“బిగుతైనోళ్ళే,” అన్నాడు. “బిగుతైనోళ్ళే ఎక్కిన్రు. మిగతోళ్ళు ఏరి?”

“ఊర్లనే ఉన్నరు.”

“పా మరి. కొలుద్దాం.”

ఆ మందు తిన్న మిగతావాళ్ళు ఎవరో నాకు తెలుసు. ముందుగా ఒక్కొక్కరినీ కలిసి అడిగాను. చాచా పుస్తకంలో పాత కొలత ఉండి, ఒప్పుకున్నవాళ్ళు ఏడుగురు తేలారు. శుక్రవారం నమాజు అయ్యాక దుకాణం మూసేవాడు కాబట్టి రెండు శుక్రవారాలు తీసుకున్నాం. నేను సైకిలు తొక్కాను. మెడలో టేపు, ఒళ్ళో పుస్తకంతో ఆయన వెనక కూర్చున్నాడు. ఎత్తు వచ్చినచోట దిగుతానని ఒక్కసారి కూడా అనలేదు. దిగాల్సిన బరువు కూడా కాదు.

మొదటి మనిషి లెక్కల సారు. మూడేళ్ళ కిందట ముప్పై ఒకటి, ఇప్పుడూ ముప్పై ఒకటి. చాచా నమ్మలేక టేపు తిప్పి మళ్ళీ కొలిచాడు. సారు ఇంట్లో చాయ్ తాగుతూ చాచా, “అన్నం తగ్గించిన్రా?” అని అడిగాడు. “లేదు, మా ఆవిడ నాలుగుసార్లు వడ్డిస్తది” అన్నాడు సారు.

ఆఖరివాడు గొర్రెలు కాసే ఆయన. రాయచూరు రోడ్డు పక్క బీడులో మంద దగ్గర దొరికాడు. ధోతి మనిషి, చొక్కాల కోసం తీసిన పొట్ట కొలత పుస్తకంలో ఉంది. టేపు చుట్టించుకుంటూ ఆయన పగలబడి నవ్వాడు.

“గొర్లు కొనేటోళ్ళు నడుం పిసికి చూస్తరు. నాకెంత కడుతవు ఖలీఫా?”

“ముసలి పొట్టేలువు. ఉత్తగిచ్చినా ఒద్దు. కడుపెట్లున్నది?”

“కడుపున్నదనే మర్చిపోయిన.”

చాచా టేపు వదిలి ఆయన ముఖంలోకి చూశాడు. ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు.

మొత్తం ఏడుగురిలో ముగ్గురు పెరిగారు, ముగ్గురు అట్లాగే ఉన్నారు, గొర్రెలాయన అరంగుళం తగ్గాడు. తిరుగుదారిలో ఆయనకు చెప్పాను: ఇంత కొద్దిమందితో ఏదీ రుజువు కాదు, మందు తిననివాళ్ళను కూడా కొలిచి పోల్చాలి, పెరిగినవాళ్ళలో నిజంగా బ్యాక్టీరియా పోవడం వల్లే పెరిగారా అన్నది ఇంకా తెలియదు. ఆయన వెనకనుంచి నా భుజం మీద తట్టాడు.

“నాకు రుజువు ఎందుకు బేటా? అందరు గాలేదు. జర జాగా ఉన్నది. చాలు.”

మర్నాడు ఉదయం చీటీ అడిగి తీసుకున్నాడు.

ఆ పద్నాలుగు రోజులూ నేను రోజూ వెళ్ళి చూశాను. వెళ్ళాల్సిన అవసరం లేకపోయింది. ఒక తెల్లగుడ్డ ముక్క మీద పూటకొక్క కుట్టు వేసుకున్నాడు, రెండేసి చొప్పున, కాజా కుట్టినంత శ్రద్ధగా. ఆ గోలీలతో నోరంతా ఇనుము రుచి వస్తుంది. ఆ రుచి భరించలేక అయిదో రోజుకే మానేసినవాళ్ళను నేను ముగ్గురిని చూశాను. అయిదో రోజున అడిగాను.

“నోరెట్లున్నది చాచా? ఇనుము లెక్కున్నదా?”

“నలభై ఏండ్లు నోట్ల సూది పెట్టుకున్నోనికి ఇనుము కొత్తనా?”

గుడ్డమీద ఇరవై ఎనిమిది కుట్లు పూర్తయ్యాయి. నెల తర్వాత ఒక సాయంత్రం ఏదో తేడా అనిపించింది. గంటసేపు కూర్చున్నాను. ఆయన బట్ట కోస్తూ ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ సంగతి చెబితే తానూ అప్పుడే గమనించినట్టు గజం కట్టె వైపు చూశాడు. జేబులో రొట్టెముక్కలు పొడై ఉన్నాయి. వాటిని గుమ్మం ముందు దులిపితే పిచ్చుకలు వచ్చాయి. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ పదకొండు పాయింట్ నాలుగు. ఆ నెలలోనే కొత్త కమీజు కుట్టుకున్నాడు. దాని మీద మచ్చ పడలేదు.

తర్వాత ఆయన లావెక్కాడు.

ముందు బుగ్గలు. తర్వాత మెడ. ఆరో నెలకు మిషను ముందు పీట నాలుగు వేళ్ళు వెనక్కి జరిపాడు. ఎవరూ చూడనప్పుడు జరిపాడు, కాని నేలమీద పాత పీట కాళ్ళ గుర్తులు తెల్లగా కనిపించేవి. ఇక ఉస్తాదు గుర్తొచ్చి దిగులు పడతాడేమోనని నేను భయపడ్డాను. ఒకరోజు వెళ్తే గోడకు ఆనుకుని, పొట్ట మీద షర్టు పరుచుకుని కాజా కుడుతున్నాడు.

“మునుపు మోకాలి మీద పెట్టుకుని కుట్టేది. మెడ గుంజేది,” అన్నాడు. “ఇప్పుడు బల్ల నాతోనే వస్తాంది. చూడు, కంటికి ఎంత దగ్గరున్నదో. మా ఉస్తాదుకు గీ ఉపాయం తోచలే, పాపం.”

“తోచకుండ ఎట్లుంటది? నువ్వు కూసున్నట్టు సోమరిగ కూసోలే ఆయన,” అంది చాచీ లోపలినుంచి.

కండక్టరు దారిన పోతూ ఆగి, “ఖలీఫా, టికెట్ ఒకటా, రెండా?” అని అరిచేవాడు. ఆయన సూది తీసి, “పిల్లోడు ఒళ్ళె కూసున్నడు. టికెట్ లేదు” అనేవాడు.

కాని కొలత మాత్రం ఇవ్వలేదు. మందు తిన్నవాళ్ళ కొలతలు నేను రాసుకున్న జాబితాలో అందరి వరుసలూ నిండాయి, ఆయనది ఖాళీ. పుస్తకంలో ఆయనకు అసలు వరుసే లేదు. తన బట్టలు తాను కంటి అంచనాతో కోసుకునేవాడు. టేపు పట్టుకుని ఎన్నిసార్లు దగ్గరికి వెళ్ళినా చెయ్యి అడ్డం పెట్టేవాడు.

“దర్జీ కొలత ఇయ్యడు. మా ఉస్తాదు ఇయ్యలే, నేనియ్య. మమ్మల్ని కొలిచేది ఒక్కనాడే, పానం పోయినంక కఫన్ గుడ్డ కోసిననాడు. గంత తొందరెందుకు నీకు?”

ఇప్పుడు ఇచ్చినా సగమే పనికొస్తుంది. మందుకు ముందటి అంకె ఎక్కడా లేదు.

నాకు నల్లగొండలో ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేసేరోజు చెప్పిపోదామని వెళ్ళాను. చాచీ బట్టలు ఉతకడానికి తీస్తూ, ఆయన పైజామాలోంచి నాడా లాగుతోంది. నూలుతో ఆమె చేత్తో అల్లిన నాడా. పైజామాలు మారినా నాడా మాత్రం అదేనట, తొమ్మిదేళ్ళుగా. ఆమె దాన్ని నా ముందు బారుగా చాపింది. రెండు కొసలకు కాస్త ఇవతల, రోజూ ముడి పడేచోట, నూలు నలిగి నొక్కులు పడి ఉన్నాయి. వాటికి లోపలివైపు, ఒక్కో పక్క మరో నొక్కు. అవి ఇంకా లోతుగా, నల్లబడి ఉన్నాయి.

“లోపలియి ఏండ్లకేండ్లు కట్టిన ముడులు. బయటియి ఇప్పటియి,” అంది. “అంకె అంకె అని పానం తింటివి కద బేటా. తీస్కో.”

నేను చాచా వైపు చూశాను. ఆయన పొట్ట మీది కాజాలోంచి తలెత్తలేదు. మెడలోని టేపు తీసి నా మీదికి విసిరాడు.

“నన్ను కొలవొద్దన్న. నాడను ఒద్దన్ననా?”

ఉతికితే నూలు కుంచించుకుపోతుంది కాబట్టి తడపకముందే నేలమీద పరిచి, ఎక్కడా లాగకుండా, రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. పాత నొక్కుల మధ్య ఇరవై ఏడు అంగుళాలు. కొత్త నొక్కుల మధ్య ముప్పై ఒకటింబావు.